మా బిల్డింగ్ గోడ మీద గ్రీకు వలస కుటుంబాల బొమ్మ: ఒప్పుకోవాలా, వద్దా?

మారిక్‌విల్_మాధవి
సిడ్నీ మారిక్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్ పక్కగోడ పెద్దది. రెండంతస్తుల ఎత్తు, సందులోకి తిరిగి ఉంటుంది. ఎవరో ఒకరు రాత్రిపూట వచ్చి స్ప్రే డబ్బాతో పిచ్చిగీతలు గీసిపోతుంటారు. ఇప్పుడు ఒక ఆర్టిస్ట్ ఆ గోడ మీద ఇక్కడి గ్రీకు వలస కుటుంబాల కథను బొమ్మగా వేస్తానని వచ్చారు. గోడ ఓనర్లందరిదీ కాబట్టి స్ట్రాటా (ఫ్లాట్ ఓనర్ల సంఘం) మీటింగ్‌లో తేలాలి. నేను కమిటీలో ఉన్నాను.

గొడవ మొదలైంది. ఒకాయన "గ్రీకులు ఎప్పుడో ఎర్ల్‌వుడ్‌కీ బ్రైటన్‌కీ వెళ్లిపోయారు, ఇప్పుడు ఎవరి కోసం?" అంటాడు. ఇంకొకరు "మరి వియత్నాం వాళ్ల మాటేమిటి?" అంటున్నారు. మూడో ఆయనకి ఫ్లాట్ అమ్మేటప్పుడు ధర తగ్గుతుందేమోనని టెన్షన్.

నాకు బొమ్మ పడాలనే ఉంది. కానీ వాళ్లు తెచ్చిన స్కెచ్ నచ్చలేదు. తెల్ల స్తంభాలు, నీలి గోపురం, సముద్రం, ఒక ఆలివ్ కొమ్మ. మా కింద ఫ్లాట్‌లో 80 దాటిన గ్రీకు పెద్దావిడ ఉంది. స్కెచ్ చూపిస్తే "మాది కొండ ఊరు, మాకు సముద్రమే లేదు" అంది. అక్కడే ఆగిపోయాను. ఇలాంటి గోడలు మీ సబర్బ్‌లో ఉన్నాయా? ఏం అడగాలి, ఏం ఒప్పుకోకూడదు?

స్ట్రాటా_సత్యం
ముందు రూలు చూసుకోండి. న్యూ సౌత్ వేల్స్‌లో ఉమ్మడి గోడ రూపం మార్చాలంటే కమిటీ ఒక్కటే నిర్ణయించలేదు. ఓనర్ల సర్వసభ్య సమావేశంలో స్పెషల్ రిజల్యూషన్ కావాలి. పడిన ఓట్ల విలువలో 25 శాతానికి మించి వ్యతిరేకంగా ఉంటే వీగిపోతుంది. కమిటీలో నెగ్గాం కదా అని ఆర్టిస్ట్‌కి మాట ఇచ్చేయకండి. అలా ఇచ్చి ఇరుక్కున్న బిల్డింగ్ ఒకటి నాకు తెలుసు.

ఓక్లీ_వాసు
మెల్‌బోర్న్‌లో మేముండేది ఓక్లీ. ఇక్కడ గోడ లేకపోయినా గ్రీకులు కనిపిస్తారు. ఈటన్ మాల్‌లో రాత్రి పదకొండింటికి కూడా తాతలు కాఫీ ముందు పెట్టుకుని వాదించుకుంటూ ఉంటారు. 2004లో గ్రీస్ యూరో కప్పు గెలిచిన రాత్రి ఈ వీధుల్లో పండగే అని పక్కింటాయన ఇప్పటికీ చెబుతాడు.

మాధవిగారి స్తంభాల గోల ఇక్కడా ఉంది. బ్రన్స్‌విక్‌లో స్పార్టా ప్లేస్ అని ఒక సందు, అందులో ప్రాచీన గ్రీస్‌లోని స్పార్టా రాజు లియోనిడాస్ విగ్రహం. బాగానే ఉంటుంది. కానీ బ్రన్స్‌విక్‌కి వచ్చినవాళ్లు రాజులు కాదు కదా, బట్టల మిల్లుల్లో, కార్ల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసినవాళ్లు.

వరంగల్_పోరడు
ఒక మాట అడుగుతా, ఎవరూ ఏమనుకోవద్దు. ఈ దేశం 1901లో చట్టం చేసి మనలాంటోళ్లని రానియ్యలే. అది పూర్తిగ పోయింది 1973లో. ఆ టైంల గ్రీకులకి తలుపు తీసిన్రు. ఇప్పుడు వాళ్ల కష్టం గోడ మీద వెయ్యాలె, దానికి మనం ఓటెయ్యాలె. మనోళ్ల కథ ఏ గోడ మీదుంది?

గోదారి_గట్టు
@వరంగల్_పోరడు తలుపు తీశారన్నది సగం నిజం. 1916 డిసెంబర్‌లో పశ్చిమ ఆస్ట్రేలియా కల్గూర్లీలో గ్రీకుల దుకాణాల మీద గుంపులు పడి ధ్వంసం చేశాయి. మొదటి ప్రపంచయుద్ధంలో గ్రీస్ రాజు తటస్థంగా ఉన్నాడన్న కోపాన్ని చేపలమ్ముకునేవాళ్ల మీద తీర్చుకున్నారు. ఫ్యాక్టరీలకి మనుషులు కావలసి వచ్చాకే 1952లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. చేతులు కావాలి కాబట్టి పిలిచారు. మనల్ని ఐటీకీ, నర్సింగ్‌కీ పిలిచినట్టే.

వరంగల్_పోరడు
అన్నా, అది ఒప్పుకుంట. 1916 ముచ్చట నాకు తెల్వదు. అయినా నా ప్రశ్న నా ప్రశ్నే. వాళ్లు వచ్చి 70 ఏండ్లయింది, గోడలున్నయి, స్కూళ్లున్నయి, చర్చిలున్నయి. మనం అడగకపోతే ఎవరూ ఇయ్యరు.

ఓక్లీ_వాసు
వాళ్లకీ ఎవరూ ఇవ్వలేదు తమ్ముడూ. మెల్‌బోర్న్‌లో వాళ్ల కమ్యూనిటీ సంఘం 1897లో పెట్టుకున్నారు. పేపర్ ‘నియోస్ కోస్మోస్’ 1957 నుంచి నడుస్తోంది. చందాలేసి కట్టుకున్నవే అన్నీ.

సర్రీహిల్స్_సునీత
సిడ్నీలో మొదటి గ్రీకు చర్చి మా సర్రీ హిల్స్‌లోనే, హోలీ ట్రినిటీ, 1898 నాటిది. దక్షిణార్ధగోళంలోనే మొదటిది అంటారు. అసలు ఈ దేశానికి మొదట వచ్చిన గ్రీకులు 1829లో హైడ్రా దీవి నుంచి వచ్చిన ఏడుగురు నావికులు. సముద్రపు దోపిడీ కేసులో శిక్షపడి ఖైదీలుగా వచ్చారు. గోడ మీద వేస్తే పిల్లలు ఆగి చూస్తారు 🙂

పెయింటర్_బాబాయ్
విజయవాడలో సినిమా బ్యానర్లు వేసి, ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయి, ఇక్కడికొచ్చి ఇళ్లకి రంగులేస్తున్నవాణ్ణి. గోడ గురించి చెబుతాను, అమ్మా మాధవీ.

నీ గోడ ఏ దిక్కుకి తిరిగి ఉందో ముందు చూడు. ఇక్కడ ఎండ ఉత్తరం నుంచి కొడుతుంది. ఉత్తరం గోడ మీద ఎరుపూ పసుపూ ముందు వెలిసిపోతాయి, నీలం ఎక్కువ కాలం నిలబడుతుంది. గ్రీకు బొమ్మ అంటే ఎలాగూ నీలం ఎక్కువే పెడతారనుకో, కానీ మనుషుల ముఖాల్లో ఎరుపు పోతే జబ్బు మనుషుల్లా కనిపిస్తారు. ఏ రకం రంగు వాడతారో అడుగు.

రెండోది, పాత ఇటుకలో తెల్లగా ఉప్పు పైకి తేలుతోందా? తేలితే లోపల చెమ్మ ఉన్నట్టు. దాని మీద యాక్రిలిక్ పూస్తే చెమ్మ బయటికి రాలేక పెచ్చులు లేస్తుంది. ముందు ఆ చెమ్మ సంగతి తేల్చాలి. తర్వాత కడగాలి, ఆరనివ్వాలి, ప్రైమర్ వేయాలి. బొమ్మ అయ్యాక పైన పిచ్చిగీతలు తుడుచుకునే కోటింగ్. అది రెండు రకాలు. ఒకటి గీతతో పాటు ఊడివస్తుంది, మళ్లీ పూసుకోవాలి. ఇంకోటి ఉండిపోతుంది, సాల్వెంట్‌తో గీత ఒక్కటే తుడవచ్చు. రెండో రకానికి ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించు.

మేము గళ్లు గీసి చిన్న ఫోటోని నలభై అడుగులకి పెంచేవాళ్లం. ఇప్పటివాళ్లు గోడంతా పిచ్చి గుర్తులు గీసి ఫోన్‌లో బొమ్మని దానిమీద పరిచి చూసుకుంటారు. మొదటి రోజు ఆ గుర్తులు చూసి మీ ఓనర్లు కంగారుపడతారు. ముందే చెప్పి ఉంచు.

మారిక్‌విల్_మాధవి
బాబాయ్, ఉత్తరం గోడే. కింద మూడు వరుసల ఇటుకల మీద తెల్లటి పొర కూడా ఉంది. ఇది ఎవరూ అడగలేదు. థాంక్స్.

స్ట్రాటా_సత్యం
బాబాయ్ పోస్ట్‌ని ప్రింట్ తీసి మీటింగ్‌లో పంచండి. ఇంకోటి: ఇంతవరకు రంగు వేయని ఇటుక గోడ, అదీ హెరిటేజ్ ఏరియాలో ఉంటే, కౌన్సిల్ అనుమతి అడగాల్సి రావచ్చు. కనుక్కోండి.

లా_లలిత
కాంట్రాక్ట్‌లో ఇవి ఉండాలి. బొమ్మ ఎన్నేళ్లు ఉంచుతారు. గోడ రిపేరుకి వస్తే ఏం చేస్తారు. ఆర్టిస్ట్ పేరు ఎక్కడ రాస్తారు. ఆస్ట్రేలియాలో 2000లో వచ్చిన మోరల్ రైట్స్ ప్రకారం బొమ్మ వేసిన మనిషి పేరు చెప్పడం, పరువు పోయేలా దాన్ని మార్చకపోవడం ఆర్టిస్ట్ హక్కు. మీ గోడే అయినా రేపు మీకు నచ్చలేదని ఒక ముఖం మీద సున్నం కొట్టేయడం అంత తేలిక కాదు. ఆ పెద్దావిడ ముఖం వేస్తారంటే ఆవిడ దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. ఆవిడ పిల్లలకి కూడా చెప్పాలి.

ధర_తగ్గుతుందా
నేను ప్రాపర్టీ ఫీల్డ్‌లో ఉన్నాను. మాధవిగారి మూడో ఓనర్ భయం వట్టిది కాదు. కొనేవాళ్లలో కొందరికి బిల్డింగ్ మీద పెద్ద బొమ్మ అంటే ఇష్టం ఉండదు. నాలుగేళ్లకి వెలిసిపోతే ఇంకా ఘోరం. నా ఓటు అయితే వద్దనే.

సర్రీహిల్స్_సునీత
మారిక్‌విల్ ఉన్న ఈ ఇన్నర్ వెస్ట్‌లో గోడ బొమ్మలు చూడ్డానికే జనం నడిచి వెళ్తారండి. పిచ్చిగీతలున్న గోడ చూసి ఎవరు ఎక్కువ ధర ఇస్తారు? మారిక్‌విల్ కౌన్సిల్ 2014లో ‘పర్ఫెక్ట్ మ్యాచ్’ అని పథకం పెట్టిందే అందుకు. గోడ ఉన్నవాళ్లనీ ఆర్టిస్టులనీ కలుపుతారు. తర్వాత కౌన్సిళ్లు కలిసి ఇన్నర్ వెస్ట్ అయినా అది నడుస్తోంది. మాధవీ, ఆ దారిలో వెళ్తే ఖర్చు సంగతి కూడా మాట్లాడొచ్చు.

టాంపా_టీచర్
మాది ఫ్లోరిడా. పక్కనే టార్పన్ స్ప్రింగ్స్. స్పాంజి కోసం సముద్రంలోకి దూకే గ్రీకులు 1905 నుంచి అక్కడ స్థిరపడ్డారు. ఎక్కువమంది కలిమ్నోస్, ఆ చుట్టుపక్కల దీవులవాళ్లు. రేవులో డైవర్ విగ్రహం ఉంది. ఇత్తడి హెల్మెట్, బరువైన బూట్లు, గొట్టం. ఏ వీధిలో బొమ్మ చూసినా ఆ హెల్మెట్ కనిపిస్తుంది. ఎవరూ స్తంభాలు వేయరు, ఎందుకంటే ఊరికి తన పని గుర్తు. జనవరి 6న చర్చి పండగకి కుర్రాళ్లు నీళ్లలో వేసిన శిలువ కోసం దూకుతారు, మావాళ్లు కూడా చూడ్డానికి వెళ్తారు.

మీ మారిక్‌విల్ గ్రీకులు ఏం పని చేశారు? దాన్నే వేయమనండి.

గోదారి_గట్టు
టాంపాగారు అడిగింది అసలు ప్రశ్న. మారిక్‌విల్ అంటే ఫ్యాక్టరీల ఊరు. ఇప్పుడు మారిక్‌విల్ మెట్రో షాపింగ్ సెంటర్ ఉన్న చోట వికర్స్ ఉన్ని మిల్లు ఉండేది. ఆడవాళ్లు చాలామంది ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని పీసుకి ఇంత అని కుట్టేవాళ్లు. గరాజ్‌లో మిషను, పక్కన ఉయ్యాలలో పిల్లాడు. అది ఎవరి పోస్ట్‌కార్డ్ మీదా ఉండదు.

మొగవాళ్ల వైపు నుంచి అయితే మిల్క్ బార్, అంటే మిల్క్ షేక్‌లమ్మే కొట్టు. 1932లో సిడ్నీ మార్టిన్ ప్లేస్‌లో మొదటి మిల్క్ బార్ తెరిచింది మిక్ ఆడమ్స్ అనే గ్రీకు వలసదారు. అసలు పేరు జోకిమ్ తవ్లారిడిస్. అంతకుముందు నుంచే ఈ దేశం చిన్న ఊళ్లలో కేఫ్‌లన్నీ గ్రీకులవి. వాళ్లు అమ్మింది గ్రీకు భోజనం కాదు, స్టేక్, గుడ్లు, మిల్క్ షేక్. మన కూర వండుకున్న వాసన ఆఫీసులో ఎవరికీ తగలకూడదని జాగ్రత్తపడ్డ తరం మనలోనూ ఉంది కదా.

బ్లాక్‌టౌన్_భాను
మా కాలేజీ రోజుల్లో మిల్క్ బార్ పెద్దాయన ఒకరు, పేరు అడిగితే "పీటర్" అనేవాడు. చివరికి తెలిసింది పనాయోటిస్ అని. మా నాన్న ఆఫీసులో శ్రీనివాస్ కాస్తా "స్యామ్" అయినట్టు.

నర్సు_నాగమణి
నేను వృద్ధాశ్రమంలో పనిచేస్తాను. గ్రీకు అవ్వలు చాలామంది. వయసు పెరిగేకొద్దీ ఇంగ్లిష్ మర్చిపోతారు, ఒక్క గ్రీకే మిగులుతుంది. ఒకావిడ ఓడలో వచ్చిన కథ చెప్పింది. చేతిలో ఒక ఫోటో. అందులోని మనిషిని రేవులో వెతుక్కుని పెళ్లి చేసుకుంది. 1957లో బెగోన్యా అనే ఓడలో ఇలా వందలమంది పెళ్లికూతుళ్లు వచ్చారు. ఫోటో ఇరవై ఏళ్లప్పటిది, రేవులో ఉన్న మనిషికి జుట్టు లేదు అని ఆవిడ నవ్వింది. తర్వాత ఏడ్చింది కూడా.

మాధవిగారూ, దయచేసి ఆలస్యం చేయకండి. ఈ కథలు చెప్పేవాళ్లు ప్రతి చలికాలం కొందరు వెళ్లిపోతున్నారు. స్కెచ్ మార్చమని ఆర్టిస్ట్‌తో పోట్లాడే ముందు ఆ ఆర్టిస్ట్‌ని తీసుకెళ్లి మీ కింద ఫ్లాట్ ఆవిడ పక్కన కూర్చోబెట్టండి.

వరంగల్_పోరడు
నాగమణక్కా, ఫోటో ముచ్చట మా మేనత్తది గూడ గట్లనే. దుబాయ్ సంబంధం.

ఓక్లీ_వాసు
జెండాల సంగతి ఎవరూ ఎత్తలేదు. స్కెచ్‌లో పదహారు కిరణాల సూర్యుడి గుర్తు ఉందేమో చూడండి. గ్రీకులకీ మాసిడోనియా వాళ్లకీ ఆ గుర్తు మీద, అలెగ్జాండర్ పేరు మీద దశాబ్దాల తగాదా. మెల్‌బోర్న్‌లో 90ల్లో పెద్ద ఊరేగింపులే జరిగాయి. 2018లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని, ఆ దేశం పేరు నార్త్ మాసిడోనియా అయినా ఇక్కడి కడుపుమంట తగ్గలేదు. మీకు రాక్‌డేల్ దగ్గరే, అక్కడ మాసిడోనియావాళ్లు ఉన్నారు. గోడ మీద ఆ గుర్తు పడితే బొమ్మ గురించి కాదు, గుర్తు గురించే మాట్లాడతారు.

మారిక్‌విల్_మాధవి
వాసుగారూ, చూశాను. ఒక మూల డిజైన్‌లాగా ఉంది! అందం కోసం పెట్టాను అన్నారు ఆర్టిస్ట్. తీసేస్తామన్నారు.

వియత్నాం వాళ్ల ప్రశ్నకి ఏం చెప్పాలి? 1975 తర్వాత వాళ్లూ ఈ వీధుల్లోకే వచ్చారు. ఇల్లవారా రోడ్డులో సగం కొట్లు వాళ్లవి. అడిగిన ఓనర్ కూడా వియత్నాం అమ్మాయే, కోపంగా ఏమీ అడగలేదు.

గోదారి_గట్టు
కౌన్సిలే ఈ ప్రాంతానికి లిటిల్ గ్రీస్ అని పేరు పెట్టింది, పక్కన పీటర్‌షామ్‌కి లిటిల్ పోర్చుగల్ అని. పేరు పెట్టిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. నా ఉద్దేశం: ఒక్క గోడ మీద అందరినీ ఇరికిస్తే ఎవరి కథా మిగలదు. ఆ మూల ఒక గ్రీకు కొట్టు, ఈ మూల ఒక వియత్నాం బేకరీ, పైన విమానం, కింద అందరూ చేతులు పట్టుకుని. అలాంటివి స్కూలు కాంపౌండ్ గోడల మీద చాలా చూశాం.

సర్రీహిల్స్_సునీత
నేను ఒప్పుకోను. ఒకే కుట్టుమిషను మీద 60ల్లో గ్రీకు ఆవిడ, 80ల్లో వియత్నాం ఆవిడ పనిచేశారు. అదే గరాజ్, అదే పీసు రేటు. అది ఒకే కథ. కలిపి వేయొచ్చు, చేతులు పట్టుకోనక్కర్లేదు.

గోదారి_గట్టు
ఇది బాగుంది. మిషను ఒకటే అంటే ఒప్పుకుంటాను.

లా_లలిత
ఈ నేల గాడిగల్, వాంగల్ అనే ఇక్కడి ఆదివాసీ ప్రజలది. కుక్స్ నది పక్కనే ఉంది. అడుగున ఒక పలక పెట్టేటప్పుడు ఆ మాట మర్చిపోవద్దు. వాళ్లని అడక్కుండా వాళ్ల గుర్తులు మాత్రం వేయకండి.

ధర_తగ్గుతుందా
అంతా బానే ఉంది, ఇరవై ఏళ్ల తర్వాత ఎవరు చూస్తారు? పక్క స్థలంలో ఆరంతస్తులు లేస్తే బొమ్మ పోతుంది.

సర్రీహిల్స్_సునీత
న్యూటౌన్‌లో రైల్లోంచి కనిపించే ఒక గోడ ఉంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో మెడల్ స్టాండ్ మీద పిడికిలి ఎత్తిన నల్లజాతి అమెరికన్ రన్నర్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్, వాళ్ల పక్కన మన ఆస్ట్రేలియా రన్నర్ పీటర్ నార్మన్. 2000లో వేశారు. రైల్వే గోడ కట్టి మూసేస్తారేమోనని ఊరంతా గొడవ చేసి కాపాడుకుంది. మెల్‌బోర్న్ కాలింగ్‌వుడ్‌లో అమెరికన్ ఆర్టిస్ట్ కీత్ హేరింగ్ 1984లో వేసిన గోడ కూడా ఇంకా ఉంది. జనానికి తమది అనిపిస్తే కాపాడతారు.

పెయింటర్_బాబాయ్
కీత్ హేరింగ్ గోడ రంగులు బాగా వెలిసిపోతే 2013లో శుభ్రం చేసి నిలబెట్టారు. చూసి వచ్చాను. పనివాడి చేయి కనిపిస్తుంది, గబగబా వేసిన గీత.

కూకట్‌పల్లి_టు_క్యాంప్సీ
గ్రీకు కొట్లలో నీలి కన్ను బిళ్ల వేలాడదీస్తారు చూశారా? మా అత్తగారు ఇక్కడికొచ్చి మొదట గుర్తుపట్టింది దాన్నే. "వీళ్లకీ దిష్టి ఉందే" అని కొట్టావిడ చేయి పట్టుకుంది. భాష రాకుండా ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. అది బొమ్మలో ఎక్కడో ఒక కిటికీకి కట్టి వేయమనండి. చిన్నదిగానే.

మారిక్‌విల్_మాధవి
అప్‌డేట్. ఆర్టిస్ట్‌ని కింద ఫ్లాట్ ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. వాళ్ల అబ్బాయి మాటలు అటూ ఇటూ చెప్పాడు. ఆవిడ మిల్లులో పగలు షిఫ్ట్, ఆయన రాత్రి షిఫ్ట్. ఆయన ఇంటికొచ్చే టైమ్‌కి ఆవిడ గేటు దగ్గర పిల్లాణ్ణి చేతికిచ్చి వెళ్లిపోయేదట. వారమంతా వాళ్లు కలిసేది ఆ గేటు దగ్గరే. ఆదివారం లివింగ్‌స్టన్ రోడ్డు సెయింట్ నికొలస్ చర్చి, తర్వాత పెరట్లో టమాటాలు.

ఆర్టిస్ట్ స్తంభాలన్నీ కొట్టేశారు. కొత్త స్కెచ్‌లో గేటు, ఇద్దరు మనుషులు, మధ్యలో పిల్లాడు. వెనక మిల్లు కిటికీలు. గరాజ్‌లో కుట్టుమిషను, దాని దగ్గర వియత్నాం ఆవిడ. కిటికీకి నీలి బిళ్ల ఉంది! ఆవిడ తన ముఖం వద్దంది. "ఎవరి ముఖమైనా వేయి, గేటు మాత్రం ఆకుపచ్చ" అంది. ముఖాలు కాస్త పక్కకి తిరిగి ఉంటాయి.

నర్సు_నాగమణి
ఆకుపచ్చే వేయించండి.

బ్లాక్‌టౌన్_భాను
మా ఇంట్లో ఇప్పుడు అదే. నేను ఆసుపత్రి నైట్స్, మా ఆయన వేర్‌హౌస్ డే షిఫ్ట్. పిల్లని కార్ పార్క్‌లో మార్చుకుంటాం. ఈ గోడ చూడ్డానికి తప్పకుండా వస్తాను.

వరంగల్_పోరడు
గేటు ముచ్చట చదివినంక నా వాదన కొంచెం మెత్తబడ్డది. కానీ వదల్లే. సిడ్నీల హారిస్ పార్క్‌ని 2023లో మోదీ వచ్చినప్పుడు లిటిల్ ఇండియా అన్నరు. గోడల మీద ఏం వేస్తరు? ఏనుగు, నెమలి, తాజ్‌మహల్. మా అక్క టాక్సీ నడుపుకుంట చదివింది, అది ఎవరేస్తరు?

గోదారి_గట్టు
@వరంగల్_పోరడు ఇది నిజం. 2021 జనాభా లెక్కల్లో ఇక్కడ ఇంట్లో గ్రీకు మాట్లాడేవాళ్లు 2 లక్షల 29 వేలు, తెలుగు 59 వేలు. వాళ్లది తగ్గుతోంది, మనది పెరుగుతోంది. మనవాళ్లు ఇంకా పనిలోనే ఉన్నారు, అడిగితే చెప్పే వయసులోనే ఉన్నారు. నువ్వు మీ అక్కతో మొదలుపెట్టు. ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టు. గోడ తర్వాత చూద్దాం.

వరంగల్_పోరడు
చేస్తా అన్నా. ఈ ఆదివారమే.

ధర_తగ్గుతుందా
కొత్త స్కెచ్ పాతదానికంటే చాలా మెరుగు. నా అభిప్రాయం మాత్రం అదే. కోటింగ్ ఖర్చుకి క్యాపిటల్ వర్క్స్ ఫండ్‌లో (పెద్ద పనులకి ఓనర్లు దాచే డబ్బు) విడిగా పెట్టకపోతే ఒప్పుకోవద్దు.

స్ట్రాటా_సత్యం
ఈ ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవిస్తాను. తీర్మానంలోనే రాయండి: కోటింగ్, పదేళ్ల కాలపరిమితి, గోడ రిపేర్ హక్కు.

మారిక్‌విల్_మాధవి
మీటింగ్ అయింది. వ్యతిరేక ఓట్లు 25 శాతం లోపే ఉన్నాయి, పాసయింది. వియత్నాం అమ్మాయి తీర్మానాన్ని బలపరిచింది. బాబాయ్ చెప్పిన ఉప్పు పొర వల్ల ముందు చెమ్మ రిపేర్ చేయాలని షరతు పెట్టారు, అందుకని వేసవి దాకా పని మొదలవదు. తీర్మానం డ్రాఫ్ట్, లలితగారు సరిచేసిన కాంట్రాక్ట్ పాయింట్లు నా దగ్గర ఉన్నాయి. మీ బిల్డింగ్‌కి కావాలంటే మెసేజ్ పెట్టండి, పేర్లు తీసేసి పంపుతాను.